సగం చెప్పి ఆగే మాస్టారు

మొన్న మా తెలుగు సంఘం పిక్నిక్‌లో తాడు లాగే పోటీ పెట్టారు. ఒక పక్క పెళ్ళైన మగవాళ్ళు, రెండో పక్క హైస్కూలు పిల్లలు. బిర్యానీ ట్రేలు ఖాళీ అయ్యాక పెట్టిన పోటీ కాబట్టి మగవాళ్ళు ఓడిపోతారని అందరికీ తెలుసు. మధ్యలో ఒకతను, ఈమధ్యే శ్రీకాకుళం వైపునుంచి హెచ్‌వన్ మీద వచ్చినవాడు, తాడు నడుముకి ఆనించుకుని "హైలెస్సా" అని పెద్ద కేక పెట్టాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు గానీ ఒక్కడూ అందుకోలేదు. అవతలి పిల్లల్లో ఒకడు అదేమిటంకుల్ అని ఇంగ్లీషులో అడిగాడు. పాపం అతను సిగ్గుపడి ఊరుకున్నాడు. తాడు అవతలికి పోయింది.

నేను పేపర్ ప్లేటు పట్టుకుని ఓ పక్కన నిలబడి ఉన్నాను. నోట్లో గులాబ్‌జామ్ లేకపోతే నేనే అందుకునేదాన్ని. ఎవరైనా సగం చెప్పి ఆగితే, రెండో సగం ఎవరూ చెప్పకపోతే, నా ప్రాణం గిలగిల్లాడిపోతుంది. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. మా పక్కింటి వియత్నాం మాస్టారు అంటించి పోయారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆ సాయంత్రం పిక్నిక్ నుంచి ఇంటికొచ్చాక మా ఆయన ఏమడిగినా పరధ్యానంగానే జవాబు చెప్పాను.

మేముండేది టెక్సస్‌లో, గాల్వెస్టన్ బే ఒడ్డున ఒక చిన్న ఊరు. మా ఆయనకి కెమికల్ ప్లాంట్‌లో ఉద్యోగం, నాది ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలంటే ముప్పావుగంట డ్రైవ్ చెయ్యాలి, అందుకని పెరట్లో ఆనపపాదు పెట్టాను. నాలుగు కర్రలు పాతి, బట్టలారేసుకునే ప్లాస్టిక్ తాడు వాటి మీద అడ్డదిడ్డంగా కట్టాను. కంచె అవతల ఒక ముసలాయన, తెల్లటి జుట్టుకి నూనె రాసి వెనక్కి దువ్వుకున్నాయన, చాలాసేపు చూసి "నాలుగు" అన్నారు. నాలుగేమిటన్నాను. పదికి నాలుగన్నారు. మర్నాడు పొద్దున్నే ఒక పాత రొయ్యల వల భుజాన వేసుకొచ్చి, నన్ను ఒక్క మాట అడక్కుండా కర్రల మీద పరిచి కట్టేశారు. ఆ ఏడాది కాసిన కాయలు తెలిసినవాళ్ళందరికీ పంచాను. వాన పడితే మాత్రం పందిరి చేపల బజారు వాసన వేసేది, మా ఆయన విసుక్కుంటూ కిటికీలు మూసేవాడు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ వాళ్ళ భాషలో ప్రతి మాటకీ ఒక రాగం ఉంటుంది, నా నోట్లో పడితే ఆ పేరు ఏమైపోయేదో. ఓ రోజు "మాస్టారూ" అని పిలిచి అర్థం చెప్పాను. అది చాలన్నారు. నన్ను ఆయన మేనకోడళ్ళని పిలిచే మాటతో పిలిచేవారు. మా ఇద్దరి మధ్యా మాటలు విరిగిన ఇంగ్లీషులోనే. ఆయనది విరిగింది, నాది ఆయన కోసం విరగ్గొట్టుకున్నది.

ఆయన మార్కులు వెయ్యని వస్తువు లేదు. నా చేపల పులుసుకి ఆరు. చింతపండు ఎక్కువైందట. గవర్నరు ఉపన్యాసానికి రెండు. సొంత కూతురి పెళ్ళికి ఏడే వేశారు, ఆ అమ్మాయి ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతుంది. ఎనిమిది దాటి వేస్తే మనుషులు చెడిపోతారని ఆయన నమ్మకం. బేలో డాల్ఫిన్లు కనిపిస్తే మాత్రం మార్కులు వెయ్యరు, టోపీ తీసి నిలబడతారు. వాళ్ళ వైపు తిమింగలాన్నీ డాల్ఫిన్‌నీ పెద్దాయనా అని గౌరవంగా పిలుస్తారట, మునిగిపోయేవాళ్ళని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకి చేరుస్తాయని. మీరెప్పుడైనా చూశారా అని అడిగితే, చూడలేదు, అందుకే టోపీ తీస్తాను అన్నారు. చాదస్తమే అనుకోండి. నాకు ముచ్చటగా ఉండేది.

అన్నిటికన్నా వింత అలవాటు, సగం చెప్పి ఆగడం. "పొద్దున్నే లేచినవాడు..." అని ఆగి, కుడిచెయ్యి కొద్దిగా ముందుకి చాపి, కనుబొమలు ఎత్తి చూసేవారు. ఎదుటివాళ్ళు ఏదో ఒకటి పూర్తి చేసేదాకా చెయ్యి దింపరు. మొదట్లో వయసు మీదపడి మర్చిపోతున్నారేమో అనుకుని జాలిపడ్డాను. తర్వాత మా ఎలిమెంటరీ స్కూలు గుర్తొచ్చింది. మా మాస్టర్లు కూడా "రాముడు అడవికి వె..." అని ఆగేవాళ్ళు, క్లాసంతా "ళ్ళెను" అని అరిచేది. పాఠం రానివాళ్ళు కూడా ఆ "ళ్ళెను" మాత్రం గట్టిగా అరిచేవాళ్ళు. ఈయనా మాస్టరే. వాళ్ళ దేశంలో, నడిమి కోస్తాలో ఏదో హైస్కూల్లో సాహిత్యం చెప్పేవారు. యుద్ధం ముందూ చెప్పారు, యుద్ధం అయిపోయాక కొన్నేళ్ళూ చెప్పారు. బల్లలవే, పుస్తకాలు మారాయి. ఆ తర్వాత ఒక పడవెక్కి ఇటు వచ్చేశారు. వచ్చాక బతుకంతా రొయ్యల పడవ మీదే.

ఆయన ఏటా పరీక్షలో ఇచ్చే ప్రశ్న ఒకటుండేది. సముద్రం మీద ఏ పద్యం పాఠంగా వచ్చినా అదే ప్రశ్న. ఇందులో ప్రకృతినీ మనిషి శ్రమనీ కవి ఎలా కలిపాడో వివరించుము. పిల్లలందరూ ఏటా అదే జవాబు రాసేవాళ్ళట. సముద్రం అందమైనది, మనిషి గొప్పవాడు, పాట వల్ల శ్రమ తెలియదు. అందరికీ ఏడు వేసేవారు. ఆయన అప్పటిదాకా ఒక తాడు పట్టి ఎరగరు. ఇక్కడికొచ్చి మొదటి వారం వల లాగితే అరచేతులు చీరుకుపోయాయి, కడుపులో ఉన్నదంతా గల్ఫ్‌లో కక్కేశారు. వెళ్ళి ఆ పిల్లలందరి దగ్గరా మార్కులు వెనక్కి తీసుకోవాలనిపించింది అని చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

నేను కాకినాడ పిల్లని. కాలేజీలో సముద్రం మీద కవితలు రాశాను. ఒకటి గుర్తున్నంతవరకు ఇంగ్లీషు చేసి చెప్పాను. అందులో సముద్రం నా కోసం ఏడుస్తుంది. ఆయన శ్రద్ధగా విని, పడవలో ఎవరున్నారని అడిగారు. పడవ లేదన్నాను. "మూడు" అన్నారు. నాకు మండింది. మీ వాళ్ళ పద్యాల్లో వల ఎప్పుడూ నిండే వస్తుందే, ఒక్కడికీ జ్వరం రాదు, ఒక్క పెళ్ళామూ తిట్టదు, అదేం శ్రమ అన్నాను. ఆయన ఆ ప్రశ్నకి ఎనిమిది వేశారు. క్లాసులో ఏ పిల్లా అడగలేదట. అడిగుంటే జవాబు చెప్పలేకపోయేవాడినన్నారు. ఇప్పుడు చెప్పండన్నాను. ఖాళీ వల లాగేటప్పుడే పాట ఎక్కువ కావాలి, నిండిన వలైతే ఎలాగూ లాగుతాం అన్నారు. ఒప్పుకోక తప్పలేదు.

ఆ పందిరి కింద కూర్చునే ఓ సాయంత్రం ఒక పద్యం సంగతి చెప్పారు. చెప్పేముందు కంచెవైపు ఒకసారి చూసుకున్నారు. ఊరంతా ఒడ్డున నిలబడి పెద్దవల లాగడం గురించిన పద్యం అది. ఒకడు ముందు సగం పలుకుతాడు, తాడు పట్టినవాళ్ళందరూ రెండో సగం పలుకుతారు. దాంట్లో వాళ్ళు వెనక్కి నడుస్తారు, మొహాలు సముద్రం వైపు పెట్టి. సముద్రానికి వీపు చూపించి లాగేవాళ్ళు లేరు, ఎంత దూరం పోయినా దాన్ని చూస్తూనే పోవాలి. సముద్రం మీద అన్ని పద్యాలు చదివాను, ఈ సంగతి గమనించినవాడు ఒక్కడే అన్నారు. చిన్నప్పుడు ఉప్పాడ దగ్గర నేనూ చూశాను పెద్దవల లాగడం. అవును, వెనక్కే నడుస్తారు. ఆయన చెప్పేదాకా అది నా కళ్ళలో ఉండి కూడా నాకు తెలీదు.

అయితే ఆ పద్యం యుద్ధం గెలిచినవాళ్ళ పుస్తకంలోది. ఓడిపోయి పడవలెక్కి వచ్చినవాళ్ళ ఊరు ఇది. ఇక్కడ దాన్ని పైకి అంటే మనిషిని వెలివేస్తారు. రాసినవాడు ఏ జెండా పట్టుకున్నాడో నాకు తెలుసు, కానీ వాడు ఒడ్డున నిలబడి చూశాడు అన్నారు మాస్టారు. ముప్పయ్యేళ్ళు పడవ మీద ఆ పద్యం నోట్లో పెట్టుకుని బయటికి రానివ్వలేదట. నాకు ఏ పక్షమూ లేదు కాబట్టి నాకు చెప్పారు. మా దగ్గర కూడా కవి ఏ గట్టున ఉన్నాడో చూసుకునే చదువుతారు లెండి అన్నాను.

రెండో సగం నాకు నేర్పాలని చూశారు. రెండు మార్కులు వచ్చాయి. మీ వాళ్ళు వల లాగేటప్పుడు ఏమంటారని అడిగితే "హైలెస్సా" అన్నాను. ఇంకోసారి అనమన్నారు. ఆయన ముందు సగం వాళ్ళ భాషలో అన్నారు, నేను హైలెస్సా అన్నాను, మళ్ళీ ఆయన, మళ్ళీ నేను. ఆనపకాయలు వేలాడే పందిరి కింద ఇద్దరమూ లేని తాడుని లాగాం. ఆయన ఆయాసపడుతూ కూర్చుని "తొమ్మిది" అన్నారు. నా జీవితంలో ఏ అప్రైజల్‌కీ అంత సంతోషపడలేదు.

ఇక్కడ కెప్టెన్ గురించి చెప్పాలి. ఆ రొయ్యల పడవ కెప్టెన్‌ది. ఓడిపోయిన సైన్యంలో పనిచేసినవాడు. పొట్టి, బండరాయిలాంటి మనిషి. యుద్ధం తర్వాత చెరలో ఉండి, బయటపడి వచ్చాడు. శరణార్థుల శిబిరంలో ఇద్దరివీ పక్కపక్క చాపలు. అప్పట్నించీ ఒకరు లేకుండా ఒకరికి తెల్లారదు. పడవ మానేశాక రోజూ పొద్దున్నే వాళ్ళ బేకరీలో కూర్చుని కండెన్స్‌డ్ మిల్క్ కాఫీ తాగుతూ వాళ్ళ చదరంగం ఆడేవాళ్ళు. ఆ పలకకి నడిమధ్యన ఒక ఏరు గీసి ఉంటుంది. మాస్టారు దొంగాట ఆడేవారు. కెప్టెన్‌కి తెలుసు, తెలిసీ ఊరుకునేవాడు. మా పందిరి కింద హైలెస్సా సంగతి మాస్టారు బేకరీలో చాటినట్టున్నారు, ఆ వారం నేను బ్రెడ్డు కొనడానికి వెళ్తే కెప్టెన్ కుర్చీలోంచి లేచి గంభీరంగా "హైలెస్సా" అన్నాడు, అదేదో మన నమస్కారం అయినట్టు. అప్పట్నించీ నా పేరే అది. నేనూ దిద్దలేదు.

వాళ్ళ కొత్త సంవత్సరం భోజనాలకి ఏటా మమ్మల్ని పిలిచేవారు. పెద్ద హాలు, స్టేజీ మీద వాళ్ళ పాత జెండా, పసుపు మీద మూడు ఎర్ర చారలది. మాస్టారు ఏటా ఓ పద్యం చదవడం ఆనవాయితీ. ఎవరికీ ఇబ్బంది లేనిది, భర్త కోసం ఒడ్డున ఎదురుచూసే ఇల్లాలిది. ఆ ఏడాది చదవడానికి లేచేసరికి, స్టేజీ పైకి లాగాల్సిన బ్యానరు ఒకటి కప్పీలో ఇరుక్కుని వంకరగా వేలాడుతోంది. కుర్రాళ్ళిద్దరికి చేతకావడం లేదు. మాస్టారు వాళ్ళని పక్కకి నెట్టి తాడు తనే అందుకున్నారు. రెండు గుంజులు గుంజారు. మూడో గుంజుకి ఆయన నోట్లోంచి ఆ పెద్దవల పద్యం ముందు సగం వచ్చేసింది, మైకు ముందు, గొంతెత్తి. అలవాటుగా ఆగి చెయ్యి చాపారు.

వంటింట్లోంచి ఒక ఆడగొంతు రెండో సగం చెప్పింది.

ఆవిడ నెయిల్ సెలూన్‌లో పనిచేస్తుంది. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకి వచ్చిన మనిషి, కొత్త ప్రభుత్వం బళ్ళలో చదువుకుంది. చేతిలో పని చేసుకుంటూ, ఎవరో మాస్టారు సగం చెప్పి ఆగితే చిన్నప్పటిలా పూర్తి చేసేసింది, అంతే. నాకు ఆ పంక్తి గుర్తొచ్చి సంబరంగా చప్పట్లు కొట్టాను కూడా. హాలంతటిలో నావే చప్పట్లు. అప్పుడు అర్థమైంది. పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. కెప్టెన్ లేచి, కుర్చీ జాగ్రత్తగా బల్ల కిందికి తోసి, బయటికి నడిచాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మాస్టారు తాడు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

నేను కార్‌లోంచి ఏదో తెచ్చుకునే నెపంతో బయటికి వెళ్ళాను. కెప్టెన్ తన ట్రక్కులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు, ఇంజన్ ఆన్ చెయ్యలేదు. మాస్టారు చదివింది ఏదో పద్యమే కదా, మీకు కోపం తెప్పించాలని కాదు అని నేను నసిగాను. నా వైపు చూడకుండా చెప్పాడు. చెరలో తనచేతా తన తమ్ముడిచేతా కాలువ తవ్వించేవాళ్ళట. లౌడ్‌స్పీకరులో ఆ పద్యమే. ముందు సగం దాంట్లోంచి వచ్చేది, రెండో సగం తవ్వేవాళ్ళందరూ చెప్పాలి. చెప్పనివాడికి ఆ పూట గంజి తగ్గేది. తమ్ముడికి జ్వరం వచ్చింది, పని నుంచి తీసుకొచ్చి పడుకోబెట్టినా ఆ కలవరింతలో అతను జవాబు చెబుతూనే ఉన్నాడు. అలాగే పోయాడు.

"పని చేస్తూ పాడటం వేరమ్మా," అన్నాడు కెప్టెన్. "పాడిస్తూ పని చేయించడం వేరు."

ఇన్నేళ్ళ స్నేహంలో ఆ సంగతి మాస్టారుకి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన పాఠం చెప్పిన మనిషి, ఆయనకి ఆ పద్యం వచ్చే ఉంటుంది, ఎప్పుడూ పైకి అనలేదు, అందుకే ఆయనతో ఇన్నేళ్ళు ఒక పడవలో ఉన్నాను అన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ మాట మాస్టారుకి మోశాను. ఇంకెవరు చెబుతారు మరి. పాదు అప్పటికి ఎండిపోయింది, వల మాత్రం ఉంది. చెరా తమ్ముడి చావూ ఆయనకి తెలుసు. పద్యం సంగతి తెలీదు. విని, వల కళ్ళల్లో చిక్కుకున్న ఎండు తీగలు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టారు.

"పాట వల్ల శ్రమ తెలియదు అని రాస్తే ఏడు వేశాను," అన్నారు చివరికి. "పాట ఎవడు మొదలుపెట్టాడు అని ఒక్కసారీ ప్రశ్న ఇవ్వలేదు. నాకు రెండు చాలు."

ఆ రోజునుంచి ఆయన మాటలు పూర్తిగా చెప్పడం మొదలుపెట్టారు. "పొద్దున్నే లేచినవాడు" అని ఆగేవారు కాదు, చివరిదాకా తనే చెప్పేసేవారు. చెయ్యి చాపడం మానేశారు. ఎంత ఏడిపించినా లాభం లేకపోయింది. నేను కావాలని తప్పులు చెప్పినా మార్కులు తగ్గించలేదు. అసలు మార్కులే వెయ్యలేదు. ఎప్పుడూ విసుక్కునే మా ఆయన కూడా, ఆ ముసలాయన ఒకసారి మన కార్ పార్కింగ్‌కి ఒకటి వేస్తే బాగుండు అన్నాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే, కెప్టెన్ మళ్ళీ బేకరీలో ఆ ఎదుటి కుర్చీలో కూర్చోవాలి. కెప్టెన్ ఇంటికి వెళ్ళారు, తలుపు తియ్యలేదు. మళ్ళీ వెళ్ళారు, కోడలు వచ్చి పడుకున్నారని చెప్పింది. మధ్యాహ్నం పూట పడుకునే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. ఆ పద్యం తప్పని ఒక్క మాట అనెయ్యండి మాస్టారూ, అయిపోతుంది అని నేను సలహా ఇచ్చాను. మనకేం, సలహాలకి కొదవలేదు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ ఒడ్డున లాగినవాళ్ళు నిజంగా లాగారు, వాళ్ళని అబద్ధమనలేను. నా స్నేహితుణ్ణీ అబద్ధమనలేను అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను విసుక్కున్నాను. తర్వాత చాలాకాలానికి గానీ ఆయన మాట బరువు నాకు తెలియలేదు.

రోజూ బేకరీకి వెళ్ళడం మాత్రం మానలేదు. పలక పరిచి, ఇద్దరి పావులూ సర్ది, కాఫీ రెండు కప్పులు పెట్టించుకుని కూర్చునేవారు. కెప్టెన్ ట్రక్కు కొన్నాళ్ళు ఆ వీధిలోకే రాలేదు. తర్వాత వచ్చి ఎదుటి పార్కింగ్‌లో ఆగేది. కాసేపుండి వెళ్ళిపోయేది. అద్దంలోంచి ఇద్దరికీ ఇద్దరూ కనిపిస్తారు. మా వీధి కుక్కలు నయం, దెబ్బలాడుకున్నా సాయంత్రానికి కలుస్తాయి అని నేను మా ఆయనతో అన్నాను. అంటూనే నాకు ఏడుపొచ్చింది.

చలికాలం మొదట్లో మాస్టారికి పక్షవాతం వచ్చింది. హాస్పిటల్లో చూడ్డానికి వెళ్తే మాట పడిపోయి ఉంది. కుడిచెయ్యి ఒక్కటీ కదులుతోంది. నన్ను చూసి ఆ చెయ్యి కొద్దిగా ముందుకి చాపారు. కనుబొమలు ఎత్తారు. ఏ సగానికి జవాబు అడుగుతున్నారో నాకు తెలీలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కెప్టెన్‌కి కబురు పెట్టామని, కాలిఫోర్నియా నుంచి వచ్చిన మాస్టారి అమ్మాయి చెప్పింది. కెప్టెన్ వచ్చేలోపే మాస్టారు పోయారు.

బూడిద బేలో కలపాలన్నది మాస్టారి కోరిక. వాళ్ళమ్మాయి, కెప్టెన్‌ని అడిగే ధైర్యం లేక, టూరిస్టు పడవ ఒకటి బుక్ చేసింది. ఆ ఉదయం మేము రేవుకి చేరేసరికి కెప్టెన్ తన పాత పడవ కడిగి, ఇంజన్ ఆన్ చేసి పెట్టి, గట్టు మీద నిలబడి ఉన్నాడు. టూరిస్టు పడవవాణ్ణి ఎప్పుడో పంపించేశాడట. "ఈ పడవ మీద పనిచేసిన మనిషి," అన్నాడు వాళ్ళమ్మాయితో. ఇంకేమీ అనలేదు. సెలూన్ ఆవిడ కూడా వచ్చింది. భోజనాల రోజు తర్వాత ఆవిణ్ణి అందరూ పిలవడం మానేశారు, అయినా వచ్చి దూరంగా నిలబడింది. కెప్టెన్ ఆవిడకి చెయ్యందించి పడవ ఎక్కించాడు.

బే నడిమధ్యన లంగరు వేశారు. బూడిద కలిపాం. పూలు వేశాం. గాలి చల్లగా ఉంది, నీళ్ళు ఎప్పటిలాగే మట్టిరంగులో ఉన్నాయి, ఆ పూట ఎవరు చూసినా అయిదు మార్కులకి మించి వెయ్యరు. డాల్ఫిన్లేవీ రాలేదు. అయినా కెప్టెన్ టోపీ తీసే నిలబడ్డాడు.

తిరిగి వెళ్దామనేసరికి లంగరు పైకి తియ్యాలి. తాడు చుట్టే మోటారు ఉంది. కెప్టెన్ కొడుకు దాని మీట మీద చెయ్యి వేశాడు. కెప్టెన్ వద్దని చెప్పి, గ్లౌజులు లేకుండా, తాడు తనే అందుకున్నాడు. నాన్నా నీ వీపు పట్టేస్తుందని కొడుకు గొణుగుతున్నాడు. కెప్టెన్ వినిపించుకోలేదు. తడి తాడు రెండు చేతులా పట్టుకుని, నీళ్ళ వైపు మొహం పెట్టి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

మాస్టారి ముందు సగం చెప్పాడు. ఆ పద్యంలోదే. నేను ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

చెప్పి ఆగాడు. మాస్టారి అమ్మాయి కొయ్యబారిపోయింది. సెలూన్ ఆవిడ పెదాలు కదిలాయి, చేత్తో నోరు మూసుకుంది. కెప్టెన్ ఆవిడ వైపు చూసి, కోపంగా కాదు, తల అడ్డంగా ఊపాడు. ఆ రెండో సగం ఆయన వినలేడు. తమ్ముడి గొంతులో అది ఒకసారి విన్నాడు, చాలు. కానీ ముందు సగం చెప్పేశాడు, ఎవరైనా అందుకోకపోతే మాస్టారి సగం అలా గాల్లోనే ఉండిపోతుంది. ఆయన నా వైపు తిరిగాడు.

"హైలెస్సా," అని పిలిచాడు. అది నా పేరు కదా. "నువ్వు చెప్పు. మీ వాళ్ళు ఎలా అంటారో అలా."

ఎలాగో అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు. కెప్టెన్ కదల్లేదు. తాడు వదల్లేదు. ముందు సగం మళ్ళీ చెప్పి, పిల్లలు పూర్తిచేసేదాకా ఆగే మాస్టరులా, కనుబొమలు ఎత్తి ఆగాడు.

ఈసారి ఉప్పాడ ఒడ్డున వినపడేంత గట్టిగా అరిచాను.

ఆయన లాగాడు. నీళ్ళని చూస్తూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. మేమంతా వెళ్ళి తాడు పట్టుకున్నాం.